ఈస్ట్‌లేక్ డ్రెస్సర్ మరమ్మతు: ఐదు నెలల పని డైరీ

సెప్టెంబర్ 7

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక పాత ఇంటి సామాను అమ్మకానికి పెట్టారని తెలిసి పుస్తకాల అలమర కోసం వెళ్లిన నేను, అలమర లేకుండా, మూడు సొరుగుల డ్రెస్సర్ ఒకటి వ్యాన్‌లో వేసుకుని తిరిగి వచ్చాను. ధర 140 డాలర్లు. వెడల్పు 102 సెంటీమీటర్లు, లోతు 48, అద్దపు చట్రం కాకుండా ఎత్తు 80. ముఖభాగమంతా నల్ల వాల్‌నట్ కర్ర. ప్రతి సొరుగు ముఖం మీదా మధ్యలో, చెట్టు బోదెకు పుట్టే కణితి నుంచి కోసిన, సుడులు తిరిగిన వాల్‌నట్ పొర అతికించి ఉంది. చుట్టూ నేరుగా సాగే సన్నని చెక్కుడు గీతలు, మూలల్లో గరిటెతో గీరినట్టున్న పూరేకులు, గీతల లోపల నల్లరంగు, ఎక్కడా వంపు తిరిగిన కాలు గాని, గుండ్రటి పొట్ట గాని లేని చతురస్రపు వాలకం. వీటిని చూసిన వెంటనే ఇది 1880 ప్రాంతపు ఈస్ట్‌లేక్ శైలి (ఒక ఇంగ్లిష్ రచయిత పేరుమీద అమెరికాలో చలామణీ అయిన తిన్నని గీతల ధోరణి) సరుకని గుర్తుపట్టగలిగాను.

బాగోగులు కూడా మొదటిరోజే రాసి పెట్టుకోవడం మంచిది. పైన ఉండవలసిన పాలరాయి లేదు. దాని స్థానంలో ఎవరో రంగు పలక అతికించిన ప్లైవుడ్ ముక్కను మేకులతో బిగించారు. సొరుగుల ముఖాలు ప్లాస్టిక్ తొడిగినట్టు మెరుస్తున్నాయి. మధ్య సొరుగు పట్టుకుంటే ఊగుతోంది. ఎడమ పక్క పలక పైనుంచి కిందికి నిలువునా చీలింది. పిడులు 6 ఉండాలి, 5 ఉన్నాయి. అద్దం అంచుల వెంట నల్లమచ్చలు పాకాయి. ఇవన్నీ చూసి మా ఆవిడ, "దీన్ని బాగుచేయడం కంటే కొత్తది కొనడం చవకేమో చూడండి" అంది. చవకే, సందేహం లేదు.

సెప్టెంబర్ 14

ఈ వారం ఏమీ విప్పలేదు, చూడడమే పని. పాత సామాను మీద చెయ్యి వేసే ముందు ఏది మొదటినుంచీ ఉన్నదో, ఏది తరవాత చేరిందో తేల్చుకోకపోతే, అసలుదాన్ని పోగొట్టి నకిలీని భద్రంగా దాచుకున్న వాళ్లమవుతాం.

వెనక పలకల మీద వంపుగీతలు కనిపించాయి. అవి గుండ్రటి రంపం పళ్లు విడిచిన ఆనవాళ్లు. వెనక పలకను పట్టి ఉంచిన మేకులు రేకు నుంచి కత్తిరించిన పలకల మేకులు. మధ్య సొరుగుకు, ఎడమ పక్క పలకకు కొట్టినవి మాత్రం గుండ్రటి తీగ మేకులు. అమెరికాలో తీగ మేకులు పాతవాటిని పక్కకు నెట్టింది 1890లలోనే కాబట్టి, ఆ రెండు చోట్లా తరవాత ఎవరిదో చెయ్యి పడిందని అర్థం. ప్లైవుడ్ ఎత్తి చూస్తే దాని కింద పాప్లర్ కర్ర చట్రం ఏ వార్నిషూ ఎరగకుండా ముతకగా ఉంది. కంటికి కనిపించని చోట మెరుగు పెట్టడం ఏ కర్మాగారమూ చేయదు. కాబట్టి అక్కడ మొదటినుంచీ రాయే కూర్చుని ఉండాలి.

అన్నిటికంటే సంతోషం కలిగించింది సొరుగు మూలల్లోని అతుకు. సాధారణంగా సొరుగు పక్కలను ముఖానికి కలిపేది డవ్‌టెయిల్ అతుకు: విసనకర్రలా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ఇక్కడ పళ్లు లేవు. అర్ధచంద్రాకారపు రేకులు వరుసగా ఉండి, ఒక్కొక్క దాని నడుమ ఒక్కొక్క గుండ్రటి చీల తల కనిపిస్తుంది. దీన్ని నాప్ అతుకు అంటారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్లూకు చెందిన చార్లెస్ నాప్ 1867లో పేటెంటు పొందిన యంత్రం నుంచి ఇది పుట్టింది. తరవాత మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో ఆ యంత్రాలు తయారుచేసే కంపెనీ వెలిసింది. 1870ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈ అతుకు 1900 నాటికి దాదాపు కనుమరుగైంది. బలహీనమై పోలేదు. వలసకాలపు పాత సామానును అనుకరించే అభిరుచి ప్రబలి, జనం మళ్లీ చేతిపనిలా కనిపించే డవ్‌టెయిల్ కావాలన్నారు. అప్పటికి డవ్‌టెయిల్‌ను కోసే యంత్రాలు కూడా వచ్చేశాయి. నా సొరుగుల్లో మేకులు పడని రెండింటిలో ఈ అతుకులు నేటికీ అంగుళం కదలలేదు సరికదా, వెంట్రుక దూరే సందు కూడా లేదు.

ఇక పేరు సంగతి. చార్లెస్ లాక్ ఈస్ట్‌లేక్ 1836లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో పుట్టాడు. లండన్ నేషనల్ గ్యాలరీ మొదటి డైరెక్టరుగా పనిచేసిన చిత్రకారుడికి మేనల్లుడు కాదు గాని అన్నదమ్ముల బిడ్డ. పేరు కూడా దాదాపు అదే కావడం వల్ల ఇద్దరినీ కలిపేసే వాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఇంటి అలంకరణలో అభిరుచి ఎలా ఉండాలో చెబుతూ అతను రాసిన పుస్తకం 1868లో లండన్‌లోను, 1872లో బోస్టన్‌లోను వెలువడింది. వంపు తిరిగిన కాళ్లు కోయడానికి చెక్క నారను అడ్డంగా తెగ్గొట్టవలసి వస్తుందని, అందువల్ల అవి బలహీనమని, కుసి (కర్ర చివర నాలుకలా వదిలిన భాగం), అది దూరే బెజ్జం వేసి చీలతో బిగించిన తిన్నని నిర్మాణమే నిజాయితీ గలదని, విడిగా చెక్కి జిగురుతో అతికించిన ఆభరణాలు మోసమని అతని వాదం. అమెరికన్ కర్మాగారాల వాళ్లు అందులో తమకు కావలసింది వెంటనే పట్టుకున్నారు: తిన్నని గీతలను యంత్రం సులభంగా గీస్తుంది! 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో గ్రాండ్ రాపిడ్స్ కంపెనీలు తమ సామాను పెట్టి పేరు తెచ్చుకున్న కాలానికి ఈ ధోరణి దుకాణాల్లో ఈస్ట్‌లేక్ పేరుతోనే అమ్ముడుపోతోంది. అతను మాత్రం 1878లో వెలువడిన నాలుగో ముద్రణ ముందుమాటలో, అమెరికాలో తన పేరు పెట్టి అమ్మే సరుకుతో తనకే సంబంధమూ లేదని, ఆ అభిరుచికి తనను బాధ్యుణ్ణి చేస్తే విచారిస్తానని రాశాడు. తండ్రి కాదనుకున్న బిడ్డ నా గ్యారేజీలో ఉందన్నమాట.

సెప్టెంబర్ 21

సొరుగుల మీది ఆ మెరుపు ఏమిటో తేల్చడానికి మూడు చోట్ల పరీక్ష చేశాను. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి పక్క పలక కింది అంచున రుద్దితే పూత మెత్తబడి, పుల్లకు గోధుమరంగు అంటింది. అంటే అక్కడున్నది లక్క. అదే పుల్ల సొరుగు ముఖం మీద ఏమీ చేయలేకపోయింది. అసిటోన్‌కు కూడా అది లొంగలేదు. 1920లలో వాడుకలోకి వచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ అయితే అసిటోన్‌కు కరిగి ఉండేది. కాబట్టి ఇది పాలీయూరెథేన్ అనే ప్లాస్టిక్ వార్నిష్, బహుశా నలభై యాభై ఏళ్ల కిందటి ముచ్చట. పిడి పలకను విప్పి చూసినప్పుడు దాని నీడలో, చిన్న చతురస్రంలో, పాత లక్కపూత అలాగే మిగిలి ఉంది. దాన్ని తాకకుండా ఉంచాలని నిర్ణయించుకుని ఫొటో తీసి పెట్టుకున్నాను. రేపు రంగు విషయంలో తగవు వస్తే సాక్ష్యం చెప్పేది ఆ చతురస్రమే.

సెప్టెంబర్ 29

ఈ రోజు తప్పు చేశాను.

పాలీయూరెథేన్‌ను పీకడానికి పూర్వం అందరూ వాడిన మిథిలీన్ క్లోరైడ్ మందు ప్రాణాంతకమైనందువల్ల ఇక్కడ ఇంటి వాడకానికి నిషేధించారు. అది పోవడం నాకు సమ్మతమే. దాని బదులు బెంజైల్ ఆల్కహాల్ కలిసిన ముద్ద దొరుకుతుంది. అది నిదానంగా పనిచేస్తుంది కాబట్టి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి గంటల తరబడి వదిలేయాలి. పై సొరుగు మీద రెండు గంటల తరవాత చూస్తే పూత ముడతలు పడి, చెక్క గరిటెతో తోస్తే అట్టులా లేచి వచ్చింది. ఆ ఉత్సాహంతో కింది సొరుగు మీద రాసి, భోజనానికి వెళ్లి, మాటల్లో పడి, నాలుగున్నర గంటల తరవాత తిరిగి వచ్చాను. పూత లేచింది. దానితోపాటు కుడి మూలన కణితి పొర కూడా లేచింది.

కారణం తెలియనిది కాదు. ఈ ముద్దలో నీరు ఉంటుంది. 1880ల నాటి జిగురు పశువుల చర్మం నుంచి కాచినది, నీటికి మెత్తబడేది. పొర అంచున ఉన్న పాత చీలికలోంచి తేమ లోపలికి దిగి, జిగురు పట్టు వదిలింది. మధ్యలోకి పాకకముందే చూశాను గనక రెండు వేళ్ల వెడల్పు మాత్రమే చెడింది. మైనపు కాగితం పరిచి, పైన ఇస్త్రీపెట్టె అంత బరువు పెట్టి ఆరనిచ్చాను. ఇక మీదట ముద్ద వేసిన రోజు గడియారంలో అలారం పెట్టకుండా గ్యారేజీ దాటకూడదు. మిగిలిన మధ్య సొరుగు ముందర పొర అంచుల చుట్టూ లక్క పూసి, అది ఆరాక ముద్ద వేశాను. ఆ లక్క కూడా ఈ మందుకు చివరికి లొంగుతుంది గాని, నాకు కావలసిన గంటన్నర సేపు అడ్డుగోడలా నిలబడింది.

అక్టోబర్ 12

మధ్య సొరుగు. ఎప్పుడో ఎవరో వదులైన అతుకులోకి తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది) పోసి, నమ్మకం చాలక పక్కనుంచి ఎనిమిది తీగ మేకులు కొట్టారు. ఆ మేకులు వెళ్లి సరిగ్గా నాప్ అతుకు చీలల్లోనే దిగి నాలుగింటిని విరిచేశాయి. యంత్రం చేసిన అతుకు నూరేళ్లు నిలబడింది, దాన్ని బాగుచేసిన చెయ్యి దాన్ని విరిచింది! ఈ బల్లతో గడిపిన ఈ కొద్ది వారాల్లోనే, కాలం చేసిన నష్టం కంటే మరమ్మతు చేసిన నష్టమే ఎక్కువని నాకు రూఢి అయింది. చీలిన పక్క పలక కూడా అదే కథ చెబుతుందని అనుమానం.

మేకులను లాగితే చెక్క చిట్లుతుంది. ఇంజక్షన్ సూదిలాంటి సన్నని ఉక్కు గొట్టానికి పళ్లు కోసి, దాన్ని మేకు చుట్టూ తిప్పి, మేకును చిన్న చెక్కతో సహా బయటికి తీశాను. ఒక్కొక్క దానికి ఇరవై నిమిషాలు పట్టింది. తెల్ల జిగురు పని మరీ విసుగు. చర్మపు జిగురు మీద కొత్త చర్మపు జిగురు వేస్తే పాతది కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. గడ్డకట్టిన తెల్ల జిగురు మీద ఏ జిగురూ పట్టదు. కాబట్టి పూర్తిగా తీయక తప్పదు. వేడి చేసిన వినిగర్‌ను పాత పళ్లపొడి బ్రష్‌తో రాస్తూ, అది రబ్బరులా ఉబ్బిన తరవాత ఉలి కొనతో గీకుతూ రెండు సాయంత్రాలు గడిపాను. ఇల్లంతా ఊరగాయ జాడీ వాసన వేసింది.

నాప్ అతుకులో తెలివైన విషయం ఏమిటంటే చీల విడిగా చేసినది కాదు. సొరుగు ముఖంలో అర్ధచంద్రం ఆకారంలో పల్లాన్ని తొలిచేటప్పుడు మధ్యలో ఒక మొలకను కదపకుండా వదిలేస్తుంది ఆ యంత్రం; పక్క పలక చివర ఉన్న రేకుకు మధ్యలో చిల్లు ఉంటుంది; మొలక ఆ చిల్లులోకి దూరుతుంది. విరిగిన నాలుగు మొలకల చోట నేను అదే మందంలో రంధ్రం తొలిచి, వాల్‌నట్ చీలలు దిగగొట్టాను. చూపులకు తేడా తెలియదు గాని లోపల అవి విడిగా పెట్టిన చీలలే. వాటి అడుగున పెన్సిల్‌తో ఈ సంవత్సరం అంకె వేశాను, ఇంకెవరైనా ఎప్పుడైనా విప్పితే మోసపోకుండా ఉండేందుకు.

అక్టోబర్ 19

సొరుగు పక్కల కింది అంచులు నూటనలభై ఏళ్లు లాగి తోసి అరిగి, వెనకవైపు దాదాపు 6 మిల్లీమీటర్లు పల్లంగా దిగిపోయాయి. సొరుగు మూసినప్పుడు ముక్కు పైకెత్తడానికి అదే కారణం. పక్కలు యాష్ కర్ర. అరిగిన అంచును చిత్రికతో సమంగా తీసి, యాష్ పట్టీలు అతికించాను. ఈ కర్ర కోసం వెతకనక్కర లేకపోయింది. ఆసియా నుంచి వచ్చిన పచ్చటి యాష్ తొలుచు పురుగును ఈ దేశంలో మొదట గుర్తించింది 2002లో ఈ మిషిగన్‌లోనే, డెట్రాయిట్ దగ్గర. అది చంపిన చెట్ల దుంగలు ఊరూరా కోత మిల్లుల్లో పడి ఉంటాయి. మా వీధి చివరి పెద్దాయన తన పెరట్లో ఎండిన యాష్ చెట్టును కోయించి, పలకలు ఎనిమిదేళ్లు ఆరబెట్టి ఉంచాడు. నాకు రెండు పలకలు ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. ఆదివారం గోంగూర పచ్చడి పంపాను.

నవంబర్ 2

ఎడమ పక్క పలక. అనుమానం నిజమే.

ఈ పక్కలు చట్రం, పలక పద్ధతిలో కట్టినవి: నాలుగు కర్రలు కుసులతో కలిసిన చట్రం, దాని లోపలి గాడిలో పలక జిగురు లేకుండా కూర్చుని ఉంటుంది. చెక్క నార అడ్డంగా తేమను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. మిషిగన్ ఆగస్టు ఉక్కపోతకూ, జనవరిలో హీటరు వేసిన ఇంటి ఎండుగాలికీ మధ్య, 40 సెంటీమీటర్ల వాల్‌నట్ పలక 4 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా కదలగలదు. ఆ కదలికకు చోటివ్వడానికే గాడి. ఎవరో పలక గలగలలాడుతోందని గాడిలో జిగురు నింపి, వెనకనుంచి మేకులు కొట్టారు. ఆ చలికాలంలో పలక కుదించుకోబోతే రెండు అంచులూ కదలనివ్వలేదు. నడుమ చీలక ఏం చేస్తుంది?

చట్రం విప్పడానికి ఒక చిట్కా పనికొచ్చింది. చర్మపు జిగురును నీటితో మెత్తబరచవచ్చు గాని తేమకు చెక్క ఉబ్బుతుంది; అందుకు బదులు కుసి అంచున సిరంజితో స్పిరిట్ ఎక్కిస్తే, అది జిగురులోని తేమను లాగేసి దాన్ని పెళుసు చేస్తుంది. పది నిమిషాలు ఆగి కొయ్యసుత్తితో తడితే టప్పున విడిపోయింది. గాడిలో ఉన్నది తెల్ల జిగురు కనక అక్కడ మాత్రం మళ్లీ వినిగర్ తప్పలేదు.

చీలికను పూర్తిగా మూసి అతికించాను. పలక ఇప్పుడు గాడిలో స్వేచ్ఛగా ఉంది, తడితే కాస్త గలగలమంటుంది. అలా అనాలి.

నవంబర్ 16

లేచిన కణితి పొర, అంతకు ముందే రాలిపోయిన మూడు చిన్న ముక్కల చోట్లు. పొర మందం వెర్నియర్‌తో కొలిస్తే కాస్త హెచ్చుతగ్గులతో 1.1 మిల్లీమీటరు. ఇప్పుడు దుకాణంలో దొరికే పొర 0.6 మాత్రమే, అందువల్ల రెండు పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి, ఎత్తు సరిపెట్టాను. అతుకు ముక్కను చతురస్రంగా కోస్తే కంటికి గీతలా తగులుతుంది. కణితి సుడుల వంపు వెంటనే పడవ ఆకారంలో కోస్తే కలిసిపోతుంది. మూడింటిలో రెండు కలిసిపోయాయి. మూడోది కనిపిస్తుంది, దాన్ని మళ్లీ చేసే ఓపిక నాకు లేదు.

చర్మపు జిగురు గురించి రాయాలి. గింజలను చల్లటి నీటిలో గంటసేపు నానబెట్టి, నీటి గిన్నెలో పెట్టిన గిన్నెలో సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేయాలి. మరిగిస్తే బలం పోతుంది. అది చల్లారుతూనే బిగుస్తుంది, తరవాత నిదానంగా ఆరుతుంది. ఆ చల్లారే గుణమే నన్ను ముంచింది. గ్యారేజీలో ఆ రోజు 4 డిగ్రీలు. జిగురు రాసి పొర పరిచే లోపలే జెల్లీ అయిపోయి, పొర కింద గడ్డలు కట్టింది. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టి మళ్లీ కరిగించి, తీసి, సరుకంతా నేలమాళిగలోకి దింపాను. అక్కడ 20 డిగ్రీల వెచ్చదనంలో, చెక్కను ముందుగా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పెట్టుకుంటే అంతా సవ్యంగా జరిగింది. తెల్ల జిగురుతో ఇలాంటి తప్పు జరిగి ఉంటే ఆ పొర మళ్లీ చేతికి వచ్చేది కాదు.

డిసెంబర్ 7

మెరుగు పెట్టడం మీద రెండు వారాలు తర్జనభర్జన పడ్డాను. ఈస్ట్‌లేక్ ఫ్రెంచ్ పాలిష్‌కు, అంటే లక్కను గుడ్డ ముద్దతో రుద్ది మెరిపించే పద్ధతికి, విరోధి. అలా పూత పూసిన కర్ర వయసుతో రంగు మారజాలదని, పాత సామాను అందమంతా ఆ పాకానికి వచ్చిన రంగులోనే ఉందని అతని అభిప్రాయం. నూనెతో రుద్దడమే అతనికి నచ్చింది. అతని మాట వింటే నూనె పెట్టాలి. కాని ఈ బల్ల అతని మాట వినకుండా పుట్టింది. పిడి నీడలో మిగిలిన ఆ చతురస్రం లక్కే. అతని పుస్తకానికి కట్టుబడడమా, ఈ వస్తువుకు కట్టుబడడమా అని ఆలోచించి, వస్తువు పక్షమే వహించాను. పైగా అతని వాదనలో ఒక లోపం నాకిప్పుడు తెలుస్తోంది: నల్ల వాల్‌నట్ చాలా కర్రల్లా వయసుతో ముదరదు, వెలుతురు తగిలి పాలిపోతుంది. ఈ బల్ల పక్కలు లక్క కిందనే తేనెరంగుకు మారాయి.

లక్కను రేకుల రూపంలో తెప్పించాను. సంచి మీద భారతదేశపు సరుకని రాసి ఉంది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడే లక్క. దేశంలో ఎక్కువగా వచ్చేది జార్ఖండ్ నుంచి. కొమ్మల నుంచి గీకి, దంచి, కడిగి, కరిగించి, పలుచని పొరగా సాగదీసి విరిస్తే ఈ రేకులవుతాయి. అనకాపల్లిలో ఉన్న నాన్నగారికి ఫోనులో చూపిస్తే, "ఇది మన ఏటికొప్పాక బొమ్మల వాళ్ల లక్కేగా నాన్నా, దీనికి అంత దూరం నుంచి ఓడ ఎక్కించారా?" అని నవ్వారు. అక్కడ అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, తరవాత మొగలి ఆకుతో నునుపు చేస్తారు. స్పిరిట్ ప్రసక్తే లేదు. ఇక్కడ లీటరు స్పిరిట్‌కు 240 గ్రాముల రేకులు వేసి, రాత్రంతా కరగనిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టాను. కలిపిన లక్క ఆరు నెలలు దాటితే సరిగ్గా ఆరదు కాబట్టి సీసా మీద తేదీ రాశాను. పాండవులకు దీనితోనే ఇల్లు కట్టించి నిప్పు పెట్టించబోయాడు దుర్యోధనుడు. స్పిరిట్ ఆవిరి నిండిన నేలమాళిగలో, హీటరు మంట ఆపేసి కిటికీ తెరిచి కూర్చున్నప్పుడు ఆ కథ గుర్తుకు రావడం క్షేమకరమే.

డిసెంబర్ 22

దూదిని పాత బనియను గుడ్డలో చుట్టి, అరచేతిలో ఇమిడే ముద్ద చేసి, లక్కలో తడిపి, నార వెంట ఆగకుండా రుద్దడమే పని. చేయి ఆగితే అక్కడే అంటుకుని గాయమవుతుంది. రోజుకు నాలుగైదు పూతలు, మధ్యలో ఒక రాత్రి విరామం. కష్టమంతా చెక్కుడు గీతల దగ్గర. ముద్ద గీత మీదుగా పోయిన ప్రతిసారీ లక్క కొంచెం గీతలోకి దిగి, అంచులు గుండ్రబడి, ఆ వాడి పోతుంది. ఈ శైలి బతికేదే ఆ గీతల వాడి మీద. అందుకని గీతల పక్కన సన్నని కుంచెతో ముందు పూసి, ముద్దను దాదాపు పొడిగా పిండి వాడాను. గీతల్లోని నల్లరంగు రాలిన చోట దీపపు మసిని లక్కలో కలిపి నింపాను.

పన్నెండు పూతల తరవాత కణితి పొర లోపలి సుడులు నీటి అడుగున ఉన్నట్టు కనిపించాయి. మెరుపు ఎక్కువైందనిపించి, అతి సన్నని ఉక్కు ఊలుతో, మైనంతో అణచాను.

జనవరి 11

ఇత్తడి పిడులను మెరిపించలేదు. సబ్బునీటితో కడిగి, గుడ్డతో తుడిచాను. లేని ఆరో పిడి కోసం మూడు నెలలు వెతికాను. దగ్గరి పోలిక ఉన్నది ఒకటి దొరికింది గాని దాని పలక మీది గీతలు వేరు. దాన్ని కింది సొరుగు కుడివైపు పెట్టాను, వంగి చూసేవాళ్లకే తెలుస్తుంది.

జనవరి 25

పాలరాయి. 1870, 80ల సామానుకు తెల్లరాయి ఎంతగా వాడారో, టెన్నెస్సీ నుంచి వచ్చే గులాబీ, గోధుమ కలిసిన రాయిని కూడా అంతే ఇష్టంగా వాడారు. పాత కట్టడాల రాళ్లు అమ్మే చోట ఒక మూల పగిలిన టెన్నెస్సీ పలక దొరికింది. 100 సెంటీమీటర్ల పొడవు, 48 వెడల్పు, 2 మందం కోయిస్తే బరువు 26 కిలోలు వచ్చింది. అంచును గుండ్రం చేద్దామా అని కోసేవాడు అడిగాడు. వద్దని, 45 డిగ్రీల ఏటవాలు ఒకటి చాలన్నాను. గుండ్రటి వంపుల అంచు ముందు తరపు శైలికి చెందుతుంది. రాయి మీద నిమ్మకాయ కోయవద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పాను: పులుపు తగిలితే పాలరాయి మెరుగు తినేస్తుంది.

ఫిబ్రవరి 8

అద్దం మార్చలేదు. వెండిపూత అంచుల్లో నల్లబడింది గాని మధ్యలో ముఖం చక్కగా కనిపిస్తుంది. అద్దపు చట్రం వెనక ఒక మూల తెల్లరంగు మరక ఉంటే సీసం పరీక్ష చేశాను, పుల్ల ఎర్రబడింది. గీకి దుమ్ము లేపకుండా దాని మీద లక్క పూసి మూసేశాను. అది గోడవైపు ఉండే భాగం.

సాయంత్రం బల్లను హాలులోకి చేర్చి, రాయి ఎక్కించి, సొరుగులు తోశాము. పైది, మధ్యది వేలితో తోస్తే లోపలికి జారిపోయాయి. కిందిది కుడివైపు కాస్త పట్టింది. పట్టీ మీద కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోయింది.

ఇప్పుడు ఇంట్లో గాలిలో తేమ 27 శాతం. ఎడమ పక్క పలక గాడి నుంచి కుడి అంచున 3 మిల్లీమీటర్లు వెనక్కి తగ్గి, లక్క తగలని పచ్చి చెక్క సన్నని లేత గీతలా బయటపడింది. మా అబ్బాయి దాన్ని చూసి, "అక్కడ ఫిల్లర్ పెట్టడం మర్చిపోయావా నాన్నా?" అన్నాడు. మర్చిపోలేదని చెప్పి, కొలత రాసి, దాని పక్కన ఆగస్టు 8 అని తేదీ వేసి గడి ఖాళీగా ఉంచాను.